జేబు కుట్టేసిన కోటు

పెళ్ళికోట్లు అద్దెకిచ్చే ఆ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. కోటు గుమ్మం దాటే ముందు దాని జేబులన్నీ కుట్టేయాలి. పెళ్ళికొడుకన్నవాడికి జేబు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఫోనో, తాళాలగుత్తో, సిగరెట్టు పెట్టో, ఏది దొరికితే అది కుక్కుతాడు. కోటు ఓ పక్కకి జారిపోతుంది. ఫొటోల్లో మనిషి కూలబోయే గోడలా పడతాడు. ఆ తర్వాత వాళ్ళమ్మ వచ్చి కొట్టువాళ్ళని దులిపేస్తుంది. అందుకని పైజేబుకి ఐదు కుట్లు, పక్కజేబులకి తొమ్మిదేసి, లోపలి జేబుకి ఏడు. ముప్పై ఏళ్ళుగా ఇదంతా టేపక్క పని.

మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది కనక ఆవిడ టేపక్క. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, పిలిచే దిక్కులేక అది ఎప్పుడో తుప్పుపట్టింది. మగవాళ్ళ సంగతి పెళ్ళికూతుళ్ళకి పదేళ్ళ కాపురంలో తెలిసేది ఈవిడకి పది నిమిషాల కొలతల్లో తెలిసిపోతుంది. ఛాతీ కొలుస్తుంటే ఊపిరి బిగబట్టేవాడు అబద్ధాలకోరు. నడుము కొలత చెబితే "అంత ఉండదే" అని టేపు మీద అనుమానపడేవాడు జన్మలో తన తప్పు ఒప్పుకోడు. చెయ్యెత్తు బాబూ అంటే ముందు అమ్మ వంక చూసేవాడి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇంత తెలిసిన మనిషి తన దాకా వచ్చేసరికి ఏం చేసిందయ్యా అంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఒకాయన కోటు కోసం వచ్చాడు. మనిషి పొడుగే, ముఖం బాగానే ఉంది గానీ, భుజాలు రెండూ వానలో తడిసిన అట్టపెట్టెలా కిందికి జారి ఉన్నాయి. పదకొండో నంబరు కోటు ఇచ్చారు. టేపక్క భుజాల్లో ఒక వరస దూది పెట్టింది. చాలలేదు. ఇంకో వరస పెట్టింది. అప్పుడు అద్దం ముందు నిలబెట్టి చూస్తే ఏముంది, సంసారం ఎంత బరువైనా ఒక్కడే మోసేలా ఉన్నాడు! ఆయన అద్దంలోంచే ఆమె వంక చూసి, "ఒంటిగంట దాటింది, తిన్నారా మీరు?" అన్నాడు.

అంతే. ఇరవై మూడేళ్ళొచ్చినా ఆ మాట ఆమెని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇంట్లో పిన్ని "వండావా?" అనేది. కొట్లో మాస్టరు "అయిందా?" అనేవాడు. తను పెట్టిన దూదిని చూసి తనే పడిపోయింది టేపక్క. ఇంకో నాలుగు రోజుల్లో ఆయన వేరే అమ్మాయిని కట్టుకోబోతున్నాడని తెలియక కాదు. తెలిసే పడిపోయింది.

మర్నాడు పొద్దున్నే, మాస్టరు ఇంకా రాకముందు, ఆ అమ్మాయే వచ్చింది. పొట్టిగా, చామనఛాయగా ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు. చేతిలో అంటించిన కవరు. "మా ఇంట్లో నన్ను ఆయనతో మాట్లాడనివ్వడం లేదండీ. ఈ ఉత్తరం కోటు లోపలి జేబులో పెట్టండి. తీసుకెళ్ళేటప్పుడు ఉందని ఆయనకి చెప్పండి. మర్చిపోకండి" అని టేపక్క చెయ్యి పట్టుకుని మరీ చెప్పి వెళ్ళింది.

టేపక్క కవరు లోపలి జేబులోనే పెట్టింది. పెట్టి, ఏడు కుట్లు వేసింది. కొట్టు కట్టుబాటు కదా! కుడుతున్నంతసేపూ లోపల ప్రేమ కబుర్లు ఉంటాయనీ, అవి చదువుకుని ఆయన మురిసిపోతాడనీ కడుపు మండింది. జీవితాంతం మురుస్తారుగా, ఈ ఒక్కరోజూ లేకపోతే ఏం పోయింది అనుకుంది. ఆయన కోటు తీసుకెళ్తూ "ఇంకేమైనా చూసుకోవాలా?" అని అడిగాడు. "ఏం లేదండీ" అంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

పెళ్ళిరోజున హాలు నిండా జనం. పెళ్ళికూతురు మాత్రం రాలేదు. మధ్యాహ్నం దాకా ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు. మర్నాడు కోటు తిరిగివ్వడానికి వచ్చి, కౌంటరు మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఉత్తరంలో ఏముందో టేపక్కకి ఇప్పుడు తెలిసినట్టే అనిపించింది. ఫలానా చోట ఉంటాను, వచ్చి తీసుకెళ్ళమని రాసి ఉంటుంది. ఆ పిల్ల ఎక్కడో నిలబడి ఎదురుచూసి చూసి వెళ్ళిపోయి ఉంటుంది. ఒక పెళ్ళిని ఏడు కుట్లతో చంపేసింది తను. చెబుదామని నోరు తెరిచింది కూడా. ఈలోగా ఆయన తలెత్తి, ముక్కు తుడుచుకుని, "తిన్నారా మీరు?" అన్నాడు. తెరిచిన నోరు మూసుకుంది.

ఆర్నెల్లకి ఆయనకీ టేపక్కకీ పెళ్ళయింది. పదకొండో నంబరు కోటే వేసుకున్నాడు. రిజిస్ట్రారు ఎదుట సంతకం చేస్తున్నప్పుడు కూడా ఆ ఉత్తరం ఆయన గుండెల మీదే ఉంది.

ఆ తర్వాత సంగతి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మనిషి మంచివాడే. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. చెయ్యి దేనికీ ఎత్తడు, అదే బాధ. మొదటి ఉద్యోగం మూడు వారాలు చేసి మానేశాడు. "నలుగురిలోకి వెళ్తే ఆ రోజే గుర్తొస్తోంది" అన్నాడు. రెండోది పది రోజులు. తర్వాత గొడుగులు అమ్ముతానని ఎండలు మొదలయ్యాక తెచ్చాడు. గడియారాల రిపేరు నేర్చుకుంటానని ఇంట్లో ఉన్న ఒక్క గడియారాన్నీ విప్పాడు. అది ఇప్పటికీ డబ్బాలో ఉంది. చివరికి టీకొట్టు బల్ల మీద స్థిరపడ్డాడు. పెళ్ళికూతురు రాని పెళ్ళి కథ కొత్తవాళ్ళకి చెప్పడం, వాళ్ళు జాలిపడి టీ ఇప్పించడం, కడుపులో చల్ల కదలకుండా రోజు గడవడం. టీకొట్టువాళ్ళు ఆయనకి 'పెళ్ళికొడుకు' అనే పేరు పెట్టారు. యాభై ఏడేళ్ళ వయసులో, పెళ్ళయి పాతికేళ్ళు దాటాక కూడా, ఆయన ఊరందరికీ పెళ్ళికొడుకే.

మధ్యాహ్నం ఒంటిగంటకి మాత్రం ఠంచనుగా కొట్టుకి వస్తాడు. "తిన్నావా?" అంటాడు. ఆ ప్రశ్న అర్థం టేపక్కకి పెళ్ళయిన మొదటి నెలలోనే తెలిసింది. క్యారేజీలో ఇంకా ఏమైనా మిగిలిందా అని. ఊళ్ళో ఆడా మగా, చిన్నా పెద్దా, అందరినీ ఆయన అదే అడుగుతాడు. "ఇంకా లేదు" అంటుంది టేపక్క. ఇద్దరూ తింటారు. ఎక్కువ ఆయన తింటాడు.

పక్కింటివాళ్ళు "ఎలా భరిస్తున్నావు తల్లీ" అనేవారు. భరించక ఏం చేస్తుంది? ఆ మనిషిని అలా చేసింది తనేనాయె. ఆయన ఉద్యోగం మానేసిన ప్రతిసారీ ఆమెకి ఆ ఏడు కుట్లే గుర్తొచ్చేవి. మహారాజులా బతకాల్సినవాణ్ణి నలుగురిలో తలెత్తుకోకుండా చేసి, ఇంకో ఆడదాని సొత్తు ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకుంది. దొంగసొమ్ము సరిగా పనిచెయ్యడం లేదని ఎవరితో మొరపెట్టుకుంటుంది? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఇరవై ఆరేళ్ళు చాకిరీ చేసింది.

ఉత్తరాన్ని ఎప్పుడూ విప్పలేదు. విప్పితే తప్పు ఖాయమైపోతుంది, విప్పకపోతే ఏ మూలో కాస్త అనుమానం మిగులుతుంది. కోటు ఉతుకుకి వెళ్ళేటప్పుడు కుట్లు విప్పి కవరు తీసేది, తిరిగొచ్చాక మళ్ళీ పెట్టి కుట్టేసేది. ఇంటికి తీసుకెళ్దామంటే పెళ్ళికొడుకుగారు పప్పుడబ్బాలతో సహా అన్నీ కెలుకుతారు. ఎవరైనా పదకొండో నంబరు అడిగితే "అది ఎవరికీ నప్పదండీ" అనేది. ఆ మాట మాత్రం నిజమే.

మొన్న ఒక రోజు పదకొండున్నరకి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. అబ్బాయికి ఇరవైమూడేళ్ళు ఉంటాయేమో, చూపు ఫోన్లోంచి పైకి లేవలేదు. తల్లి పొట్టిగా, చామనఛాయగా ఉంది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే, ఎడమ కనుబొమ మధ్యలో గాటు కనిపించింది. టేపక్క చేతిలోని టేపు జారి కింద పడింది.

"చెయ్యెత్తు బాబూ" అంటే అబ్బాయి అమ్మ వంక చూశాడు. ఏ కోటూ ఆ పొడుగుకి సరిపోలేదు. మాస్టరు లోపలికి వెళ్ళి పదకొండో నంబరు పట్టుకొచ్చాడు. "పాత కట్టింగేనమ్మా, కానీ ఇప్పుడు మళ్ళీ ఇదే ఫ్యాషను."

"అది ఎవరికీ నప్పదు మాస్టారూ" అంది టేపక్క.

కోటు అతికినట్టు సరిపోయింది. అబ్బాయి మొదటిసారి నోరు తెరిచాడు. "అమ్మా, లోపల ఏదో గరగరమంటోంది."

"కుట్టు విప్పి చూడమ్మాయ్" అన్నాడు మాస్టరు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, టేపక్క చెయ్యి దానంతటదే తన భుజం మీదికి వెళ్ళింది. ఇంక దాచేదేముంది. ఏడు కుట్లూ విప్పింది. పసుపుపచ్చగా మారిన కవరు బయటికి తీసింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని దాని మీది రాత చూసింది.

"ఇది నా ఉత్తరం" అంది.

ఆవిడ టేపక్క ముఖంలోకి చూసింది. "అప్పుడు ఇక్కడ ఒక సన్నటి అమ్మాయి ఉండేది, నోట్లో గుండుసూదులు పెట్టుకుని. మీరేనా? అంటే, ఆయనకి ఇవ్వనేలేదా?"

టేపక్కకి తల కొట్టేసినంత పనయింది. నేల చీలితే లోపలికి దూరిపోదామన్నా ఆ కొట్టుది సిమెంటు నేల.

"జేబులు కుట్టేయడం మా కొట్టు కట్టుబాటమ్మా. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు" అన్నాడు మాస్టరు గర్వంగా. ఇంతలో ముందుగదిలో ఫోను మోగితే అటు వెళ్ళాడు.

తిట్టబోతోంది అనుకుని టేపక్క తల వంచుకుంది. ఆవిడ నవ్వింది. "పోనివ్వండి. చేరకపోయినా వచ్చిన నష్టం లేదు. చేరిందో లేదోనని భయమేసి, పెళ్ళి ముందురోజు సాయంత్రం మా అన్నయ్యని పంపించాగా. ఎదురుగా కూర్చుని చెప్పొచ్చాడు, ఈ పెళ్ళి జరగదు, రేపు రావద్దని. ఆయన అంతా విని, సరే అని, మా అన్నయ్యని తిన్నారా అని కూడా అడిగాట్ట."

"ముందురోజా?" అంది టేపక్క.

"ముందురోజే. అయినా మర్నాడు కోటు వేసుకుని వచ్చి హాల్లో కూర్చున్నాడండీ! ఎందుకొచ్చాడో ఈనాటికీ తెలీదు. ఊరంతా నన్నే ఆడిపోసుకుంది. ఏడాది పాటు గడప దాటడానికి మొహం చెల్లలేదు నాకు, తర్వాత పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిపోయాను." ఆవిడ కవరు అటూ ఇటూ తిప్పింది. "మనిషి చెడ్డవాడు కాదు. కానీ మూడుసార్లు కలిస్తే మూడు ఉద్యోగాలు చెప్పాడు. విచారిస్తే ఒక్కటీ లేదు. మా నాన్నని ఆసుపత్రిలో చేర్చిన రోజు పరామర్శకి వచ్చి, కిందనున్న క్యాంటీను బాగుంటుందా అని అడిగాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను. అలాగని నేను చేసుకున్నాయన ఏదో ఊడబొడిచాడని కాదు లెండి, సంవత్సరానికి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు టీవీ రిమోట్ గురించే. కానీ ఉద్యోగం చేశాడు. సరేగానీ, పాపం, తర్వాత ఏ మహాతల్లి కట్టుకుందో ఆయన్ని! మీకేమైనా తెలుసా?"

టేపక్క గబగబా నాలుగు గుండుసూదులు నోట్లో పెట్టుకుంది. నోట్లో సూదులున్నప్పుడు అబద్ధం ఆడక్కర్లేదు, తల ఊపితే చాలు. అడ్డంగా ఊపింది. ఊపి, అబ్బాయి కాళ్ళ దగ్గర కూర్చుని, సరిగ్గా ఉన్న ప్యాంటు అంచుకే సూదులు గుచ్చడం మొదలుపెట్టింది.

సరిగ్గా ఒంటిగంటకి తలుపు తెరుచుకుంది.

"తిన్నావా?" అన్నాడు పెళ్ళికొడుకు. అప్పుడు చూశాడు అబ్బాయి ఒంటి మీది కోటుని. ముఖం వెలిగిపోయింది. కొత్త శ్రోతలు! స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "బాబూ, ఈ కోటు వేసుకునే నేను చచ్చి బతికాను, తెలుసా! అమ్మా, మీరు భోజనం చేశారా? లేదా? సరే వినండి."

ఇక ఆపేదెవరు? ఐదొందల మంది జనమన్నాడు. టేపక్కకి తెలిసి ఆ లెక్క రెండొందల దగ్గర మొదలైంది. పెళ్ళికూతురు మహా అందగత్తె అన్నాడు. "ఇంత పొడుగు" అని చెయ్యి తన తల మీదికి ఎత్తి చూపించాడు. ఎదురుగా ఆయన భుజం దాకా కూడా రాని ఆవిడ తలెత్తి ఆ చేతిని చూసింది. "ముందురోజు దాకా ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట చెప్పి పంపలేదు బాబూ! చెప్పి ఉంటే నేనెందుకు వెళ్తాను? మనిషిని అలా చంపుతారా?" కళ్ళు తడయ్యాయి. ఎప్పుడూ అక్కడే తడవుతాయి. "చచ్చిపోదామనుకున్నాను. అప్పుడు నన్ను ఆదుకున్న దేవత ఇదిగో ఈవిడే. నా భార్య."

టేపక్క ప్యాంటు అంచు మీద వంచిన తల ఎత్తలేదు. ఆవిడ చూపు తన నడినెత్తి మీద పడటం మాత్రం తెలిసింది. ఐదు నిమిషాల కిందటే తల అడ్డంగా ఊపిన దేవత. నోట్లో మిగిలిన గుండుసూది నాలుకకి గుచ్చుకుంది.

ఆవిడ ముఖం కూడా కందిపోయింది, 'మహాతల్లి' అన్నందుకు కాబోలు. కోటు ఎల్లుండి తీసుకుంటామంది. వెళ్తూ కవరుని మిషను మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉండనివ్వండమ్మా" అని మెల్లిగా చెప్పింది. ఆ గొంతులో కోపం ఉంటే ఎంత బాగుండేదో. జాలి ఉంది.

"ఎవరావిడ? మంచిమనిషిలా ఉంది, శ్రద్ధగా విన్నది" అన్నాడు పెళ్ళికొడుకు క్యారేజీ విప్పుతూ.

ఆయన తిని వెళ్ళాక టేపక్క కవరు చింపింది. ఒకటే కాగితం. 'ఈ పెళ్ళి నాకు ఇష్టం లేదు. మీరే వద్దన్నారని అందరికీ చెప్పండి. మావాళ్ళు కాదనకుండా నేను చూసుకుంటాను. మీ పరువు పోకూడదు' అని ఉంది. కింద చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం: 'దయచేసి ఏదైనా పనిలో కుదురుకోండి.'

అప్పుడు వచ్చింది టేపక్కకి అసలు సిగ్గు. ఇన్నేళ్ళూ పడింది దీని ముందు ఏపాటి? ఇన్నేళ్ళూ తనని తాను దొంగ అనుకుంది. దొంగతనంలో ఎంత పాపమున్నా, ఎత్తుకొచ్చింది విలువైన సొత్తు అన్న ధీమా ఒకటి ఉంటుంది. తీరా చూస్తే ఆ వస్తువుని సొంతదారే వద్దని వీధిలో పెట్టింది. అది తెలియక చీకట్లో మోసుకొచ్చి, తలుపులు బిగించి, ఎవరైనా చూస్తారేమోనని ఇరవై ఆరేళ్ళు వణికింది. ఆయన బతుకుని తను పాడుచెయ్యలేదు. ఆయన కావాలనే అవమానం దగ్గరికి కోటు వేసుకుని వెళ్ళి కూర్చున్నాడు, ఆ ఒక్కపూట కూర్చున్నది జీవితాంతం సరిపోయింది. మరి తను? తెలివితక్కువ పెళ్ళామని ఒప్పుకోవడం కంటే పాపిష్టి పెళ్ళామనుకోవడమే గౌరవంగా ఉందని, ఆ పాపాన్నే పట్టుకు వేలాడింది. మగవాళ్ళందరినీ పది నిమిషాల్లో కొలిచే మనిషి! ఎవరికైనా తెలిస్తే నవ్విపోతారు. కాగితం నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో నలిపింది. కొట్టు నిండా అద్దాలు కావడంతో ఎటు చూసినా తన ముఖమే కనిపించింది.

ఆ రాత్రి ఇంట్లో ఎప్పటిలాగే ఆయనకి అన్నం వడ్డించింది.

మర్నాడు పన్నెండున్నరకే క్యారేజీ తీసుకుని కోట్ల స్టాండు వెనక్కి వెళ్ళింది. నిలబడే తిన్నది. తన గిన్నె అయ్యాక ఆయన గిన్నె కూడా తిన్నది. ఆకలేసి కాదు, నాలుగో ముద్దకే కడుపు నిండింది. అయినా ఎవరో తరుముతున్నట్టు ఆఖరి మెతుకు దాకా తిని, గిన్నెలు కడిగి, బోర్లించి, చెంగుతో మూతి తుడుచుకుంది. సొంత కూడు తిన్నందుకు ఒళ్ళంతా సిగ్గేసింది.

ఒంటిగంటకి తలుపు తెరుచుకుంది. "తిన్నావా?" అంటూనే ఆయన చెయ్యి క్యారేజీ మీదికి వెళ్ళింది.

"తిన్నాను" అంది టేపక్క.

ఆయన గిన్నె ఎత్తి చూశాడు. రెండోది కూడా ఎత్తి చూశాడు. "రెండూ ఖాళీగా ఉన్నాయేమిటి? మరి నాకు?"

"లేదు."

"లేదా? ముందే ఒక మాట చెప్పి ఉంటే..."

"ముందురోజు సాయంత్రం చెప్పినా వచ్చి కూర్చునేవారుగా మీరు" అంది టేపక్క.

ఆయన ముఖంలో ముందు నవ్వు వచ్చింది, తర్వాత పోయింది. మూలనున్న స్టూలు చూసుకుని దాని మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎవరో వస్తారని చెప్పినట్టు, తలుపు వంక చూస్తూ ఉండిపోయాడు. దూది లేని భుజాలు రెండూ కిందికి జారి ఉన్నాయి.

టేపక్క ఆయన వంక చూడలేకపోయింది. పదకొండో నంబరు కోటు ఒళ్ళో వేసుకుని, ఖాళీ జేబుకి ఏడు కుట్లు వేసింది.